రెండో నెల కప్పు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: దాదీ, నాన్న, అమ్మ, హైదరాబాదు నుంచి వచ్చిన జెబా అత్త, నేను. పన్నెండు దాటాక బాలకోటయ్య పెదనాన్న, కోటేశ్వరమ్మ పెద్దమ్మ, వాళ్ల మూడేళ్ల మనవరాలు సాయిశ్రీ వచ్చారు. మొత్తం ఎనిమిది మంది. డైరీలో ఏ రోజు రాసినా ముందు ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాస్తాను. ఆ తర్వాత ఏం రాయాలో తోచకపోయినా ఆ ఒక్క వాక్యమైనా ఉంటుంది. ఆ గురువారం పేజీలో ఈ పేర్లు తప్ప ఇంకేమీ లేవు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఏప్రిల్ రెండో వారం. నా ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయాయి. మా ఊరు పిడుగురాళ్లకు నాలుగు కిలోమీటర్లు. సున్నం బట్టీల మీదుగా గాలి వీచిన రోజు ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాల్సిందే. ఆ రోజు గాలి అటునుంచే వస్తోంది. అమ్మ రెండుసార్లు దుప్పటి దులిపింది.

నాన్న, బాలకోటయ్య పెదనాన్న కలిసి పద్దెనిమిదేళ్లుగా హైవే మీద లారీల షెడ్డు నడుపుతున్నారు. ఇంజన్ పని నాన్నది. లారీ కింద బరువు మోసే కమాన్ కట్టల పని పెదనాన్నది. షెడ్డు వెనకే పెదనాన్న వాళ్ల ఇల్లు. మూడు నెలల తర్వాత ఆ పొద్దున నాన్న మళ్లీ షెడ్డులో అడుగు పెట్టాడు. పెదనాన్న కొబ్బరికాయ కొట్టాడు. దాదీ పంపిన చక్కెర మీద నాన్న ఫాతెహా చదివాడు. ఏ పని మొదలైనా ఆ షెడ్డులో రెండూ జరగాలి, ఒకటి జరిగి రెండోది జరగకపోతే ఇద్దరికీ మనసు ఒప్పదు. తర్వాత భోజనం మా ఇంట్లో. అందుకే తెల్లవారినప్పటి నుంచి అమ్మ బిర్యానీ పనిలో ఉంది.

అందరూ సంతోషంగా ఉన్నారు. నేనే ఒక చోట కూర్చోలేకపోయాను. నీళ్లు తేవడానికి వెళ్లి బిందె అక్కడే పెట్టి వచ్చాను. పుదీనా తుంచమంటే కాడలు గిన్నెలో వేసి ఆకులు చెత్తలో వేశాను. అమ్మ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"జొరం లేదు. మరేందే ఇట్టా తిరగతన్నావు, కాలు కాలిన పిల్లి మాదిరి."

"ఏం లేదమ్మా."

ఉంది. అది నాకూ నాన్నకూ తప్ప ఎవరికీ తెలియదు.

జనవరిలో నాన్నకు టీబీ అని తేలింది. ఆశా వర్కర్ ఫిలోమినా ఆంటీ మందులు తెచ్చి ఇచ్చింది. ఇంట్లో ఒకరు దగ్గరుండి రోజూ మింగించాలి, కార్డులో గుర్తు పెట్టాలి అంది. "సైమా చేస్తది, ఆ పిల్ల దేన్నీ మర్చిపోదు," అన్నాడు నాన్న. అప్పటి నుంచి పొద్దున్నే పరగడుపున మాత్రలు చేతిలో వేసి, నాన్న మింగేదాకా నిలబడి, కార్డులో టిక్ పెట్టేదాన్ని. ఒక్క రోజు కూడా తప్పలేదు. అందులో అబద్ధం లేదు.

అబద్ధం కప్పులో ఉంది. రెండు నెలలు నిండాక కళ్లె పరీక్ష మళ్లీ చెయ్యాలని ఫిలోమినా ఆంటీ మూత ఉన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చి వెళ్లింది. పొద్దున లేవగానే దగ్గి అందులో ఉమ్మాలి. బాలకోటయ్య పెదనాన్న అంతకు ముందే చెప్పాడు, రిపోర్టు మంచిగా వస్తే షెడ్డుకి రమ్మని, రాకపోతే ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండమని. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి చెప్పాడు. అందులో తప్పేమీ లేదని నాన్నే అన్నాడు.

ఆ పొద్దున నాన్న దొడ్లో చానాసేపు దగ్గాడు. దగ్గి, కింద ఉమ్మి, దాన్ని చూసి, చెంబుతో నీళ్లు పోసేశాడు. కప్పు ఇంకా ఖాళీగా ఆయన చేతిలోనే ఉంది. నేను మాత్రలు పట్టుకుని నిలబడ్డాను. నాకప్పుడు జలుబు చేసి నాలుగు రోజులు. నా వైపు చూసి కప్పు చాచాడు.

"నువ్వు దగ్గి ఇందులో ఉమ్ము. మీ అమ్మకి చెప్పమాక."

ఎందుకని అడగాల్సిన చోట నేను అడగను. బళ్లో హాజరు పిలిచినప్పుడు కూడా నా గొంతు సారు దాకా వెళ్లేది కాదు, పక్క పిల్ల నా బదులు చెప్పేది. కప్పు తీసుకుని ఉమ్మాను. మూత నాన్నే బిగించాడు. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది, పురుగు లేదని. పెదనాన్న ఆ కాగితం రెండుసార్లు చదివి నాన్న చెయ్యి పట్టుకున్నాడు, ఒంట్లో కాస్త బలం వచ్చాక ఏప్రిల్లో రమ్మన్నాడు.

ఆ తర్వాత నాన్న ఇంట్లో దగ్గడం మానేశాడు. దగ్గు వస్తే దొడ్లోకి వెళ్లి మోటారు వేస్తాడు. మోటారు చప్పుడు ఆగాక తుడుచుకుని వస్తాడు. తొట్టి నిండి నీళ్లు పొర్లుతున్నా మోటారు ఎందుకు నడుస్తోందని దాదీ అడుగుతుంది. నేను వెళ్లి కట్టేసి వస్తాను.

ఆ గురువారం పదింటికి వంటింటి గడప దగ్గర జెబా అత్త లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. జెబా అత్త నాన్నకు ఆఖరి చెల్లెలు. నేను చదివిన జిల్లా పరిషత్ బళ్లోనే చదివి, ఇప్పుడు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. జూన్‌లో థీసిస్ ఇవ్వాలట. ఒక చేత్తో టైపు చేస్తూ రెండో చేత్తో వెల్లుల్లి ఒలుస్తోంది. దాదీ మంచం మీద నుంచి ఆమెనే చూస్తోంది.

"ఆ పెట్టె మూసి ఉల్లిపాయలు కొయ్యి," అంది దాదీ. "మీ అన్నకి ఆ రోగం యాడ నుంచి వచ్చిందో నాకు తెలవదా. నువ్వక్కడ పురుగుల్ని పెంచతావు. సంచీలో ఏసుకొని పండగలకి ఇక్కడికొస్తావు."

"అమ్మా, నేను పెంచేది టీబీ పురుగు కాదని ఎన్నిసార్లు చెప్పాలి. దానికి తమ్ముడి వరస. మట్టిలో ఉంటది. మనుషుల జోలికి రాదు."

"పురుగులకి తమ్ముళ్లు గూడానా."

"ఎందుకుండరు. ఒక ఇంట్లోనే ఒకళ్లు మంచోళ్లు, ఒకళ్లు నీ కొడుకు."

దాదీ విసనకర్ర విసిరింది. జెబా అత్త తల వంచి తప్పించుకుని, అది తీసుకుని విసురుకుంది. అమ్మ నవ్వింది. నేను వెల్లుల్లి ఒలవడానికి అత్త పక్కన కూర్చున్నాను. తెర మీద ఒక ఫోటో ఉంది. నల్లటి నేపథ్యం మీద బూడిద రంగు కడ్డీలు, ఒక్కొక్క దానిలో నీలం చుక్కలు.

"ఇదేంటి అత్తా?"

"నా మూడేళ్ల కష్టం." ఒలిచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి నా అరచేతిలో పెట్టింది. "ఇది ఒక బ్యాక్టీరియా అనుకో. లోపల పొడుగాటి దారం కుక్కి పెట్టి ఉంది. అదే క్రోమోజోమ్, ఫోటోలో ఆ నీలం చుక్క. ఈ రెబ్బ రెండు రెబ్బలు కావాలంటే ముందు ఏం కావాలి?"

"దారం రెండు కావాలి."

"అయ్యింది. రెండు దారాలూ ఒక మూలనే చిక్కుపడి ఉన్నాయి. ఇప్పుడు మధ్యలో గోడ కట్టేశారు. ఏమవుద్ది?"

"ఒకదాంట్లో రెండూ ఉంటాయి. ఇంకోటి ఖాళీ."

"అందుకే దారాల్ని పట్టుకొని చెరో కొసకి చేర్చే ప్రోటీన్లు ఉంటాయి. వాటిని తయారు చేసే జన్యువులు ఉంటాయి. ఆ జన్యువుల్ని ఎప్పుడు ఎక్కువ చదవాలి, ఎప్పుడు తక్కువ చదవాలి అనేది ఎవరు చూసుకుంటారు? అదే నా థీసిస్." వేలితో గచ్చు మీద గీత గీసింది. "ఇది జన్యువు. దీని ముందు ఇంత చోటు ఉంటది. జన్యువును చదివే యంత్రం ఇక్కడ వాలి మొదలెట్టాలి. ఈ చోట్లో ఇంకో ప్రోటీన్ వచ్చి కూర్చుందనుకో, చదవటం తగ్గుద్ది. అది లేచిపోతే మళ్లీ పెరుగుద్ది."

"గేటు కాడ వాచ్‌మన్ లాగా."

"వాచ్‌మనే. కాకపోతే లోపల తిండి ఉందా లేదా తెలుసుకొని మరీ గేటు సగం వేసే వాచ్‌మన్." తెర మీద ఇంకో ఫోటో తెచ్చింది. "నేను ఆ వాచ్‌మన్ని తీసేశా. తిండి లేకుండా పెట్టి చూశా. తగ్గించమని చెప్పేవాడు లేడు గదా, దారాలు లాగే పని అడ్డదిడ్డంగా నడిచింది. చూడు."

చూశాను. కడ్డీల మధ్య అక్కడక్కడ నీలం చుక్క లేని కడ్డీలు ఉన్నాయి. ఆకారం అంతా మామూలుగానే ఉంది. లోపల ఏమీ లేదు.

"ఖాళీవి చచ్చిపోతాయా?"

"బతకలేవు. అదే వాచ్‌మన్ ఉన్నవైతే తిండి లేనప్పుడు దారం పని తగ్గించేసుకొని, రెండు కాకుండా అట్టా పడుకొని ఉంటాయి. నెలలు గడిచినా ఉంటాయి. ఇది నా పురుగులో చూసింది. టీబీ పురుగులో గూడా అచ్చం ఇట్టాగే అని ఇంకా నేను చెప్పలేను. చెప్పటానికే ఈ తిప్పలన్నీ."

"మరి మందులు?"

"మందుల్లో చానా వరకు పెరిగేవాటిని బాగా చంపుతాయి. పడుకున్నవాటి దగ్గరే కష్టం. అందుకే ఆరు నెలలు మింగమనేది."

కదలకుండా ఉంటే ఎవరూ పట్టించుకోరని దానికీ తెలుసన్నమాట. ఈ మాట పైకి అనలేదు. చేతిలోని వెల్లుల్లి రెబ్బను గిన్నెలో వేశాను. అప్పుడు అడిగాను.

"అత్తా, రెండో నెల పరీక్షలో ఇంకా పురుగు కనబడితే ఏం చేస్తారు?"

"మీ నాన్నకి కనబళ్లేదుగా."

"ఊరికే అడుగుతున్నా. బయాలజీ కోసం."

"కనబడితే ఇంకో పరీక్షకి పంపిస్తారు. ఈ మందులకి లొంగుతుందా లేదా అని. లొంగకపోతే మందు మార్చాలి. మార్చకుండా అవే మింగతా పోతే లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి అవే పెరుగుతాయి. అప్పుడు మనిషి దక్కడు." ఆ మాట చెబుతూనే అత్త మళ్లీ టైపు చేయసాగింది. "ఆ పరీక్ష చానా ముఖ్యం. జనం దాన్ని లెక్క చెయ్యరు."

నేను లేచాను. ఎక్కడికి వెళ్లాలో తెలియక ముందు గదిలోకి వెళ్లాను, అక్కడి నుంచి వాకిట్లోకి వెళ్లాను. ఎండలో కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ లోపలికి వచ్చాను. నేను ఆ కప్పులో ఉమ్మడం వల్ల ఆగిపోయింది ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. షెడ్డుకు వెళ్లడానికి ఒక కాగితం కావాలి, అది వచ్చింది అనుకున్నాను. రోజూ కార్డులో నేను పెట్టిన టిక్కులు ఏ పురుగును చంపుతున్నాయో, ఏ పురుగును వదిలేస్తున్నాయో ఎవరికీ తెలియదు.

దొడ్లో మోటారు చప్పుడు మొదలైంది. నాన్న షెడ్డు నుంచి వచ్చాడన్నమాట. నేను వెళ్లాను. నాన్న గోడకు చెయ్యి ఆనించి వంగి ఉన్నాడు. కొత్త చొక్కా వీపు మీద తడిసి ఎముకలకు అంటుకుపోయింది. నన్ను చూసి నోరు తుడుచుకున్నాడు.

"ఏంది?"

"నాన్నా, మళ్లీ కప్పు తెచ్చుకుందామా?"

"ఏం కప్పు?"

"జెబా అత్త చెప్పింది. రెండో నెల పరీక్షలో కనబడితే మందు మారుస్తారంట."

ఆయన మోటారు కట్టలేదు. గొంతు తగ్గించి, దగ్గరకు రాకుండా చెప్పాడు. నా దగ్గరకు రాకుండా ఉండటం ఆయనకు జనవరి నుంచి అలవాటు.

"అత్తకి చెప్పావా?"

"లేదు."

"చెప్పమాక. నేను మందులు మింగతన్నానా లేదా?"

"మింగుతున్నావు."

"ఇంకో మూడు నెలలు మింగతా. అదే పోద్ది. నువ్వు చెబితే మీ పెదనాన్న మళ్లీ నా మొహం చూడడు. పద్దెనిమిదేళ్ల షెడ్డమ్మా. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే ఎట్టా ఉంటదో నీకు తెలవదు. మీ దాదీ నాకు గిన్నె, గ్లాసు ఏరుగా పెట్టింది. తప్పు లేదు, పెట్టాలి. కానీ అట్టా ఇంకా ఎన్నాళ్లు?" మళ్లీ దగ్గు వచ్చింది. అటు తిరిగాడు. అది అయ్యాక, "పోయి మీ అమ్మకి సాయం చెయ్యి," అన్నాడు.

ఆయన ఉమ్మిన చోట నీళ్లు పోశాడు. నేను చూడకూడదని ముందు నాకు అడ్డంగా నిలబడి మరీ పోశాడు.

వంటింట్లోకి వచ్చి అత్త పక్కన నిలబడ్డాను. చెప్పాలని నోరు తెరిచాను. అత్త తల ఎత్తకుండానే, "ఒక్క నిమిషం సైమా, ఈ వాక్యం అవ్వనీ," అంది. ఆ వాక్యం అయ్యేలోపు వాకిట్లో కారు ఆగింది.

బాలకోటయ్య పెదనాన్న గొంతు మనిషి కన్నా ముందు లోపలికి వస్తుంది.

"అక్తరమ్మ పిన్నీ, బతికే ఉన్నావా?"

"నీ బిర్యానీ తినకుండా పోతానా," అంది దాదీ మంచం మీద నుంచి.

"నా బిర్యానీ యాడిది, వండింది మీ కోడలైతే." సాయిశ్రీని చంకలోంచి దించాడు. పిల్ల తిన్నగా నా దగ్గరకు వచ్చి నా జడ పట్టుకుంది. కోటేశ్వరమ్మ పెద్దమ్మ పెరుగు గిన్నె అమ్మ చేతికి ఇచ్చింది. ఇల్లంతా ఒక్కసారి నిండిపోయింది. జెబా అత్త లాప్‌టాప్ మూసి లేచింది.

చాప పరిచి అందరికీ వడ్డించాం. నాన్న గోడ పక్కన, కిటికీ దగ్గర కూర్చున్నాడు. పెదనాన్న ఆయన ఎదురుగా. నేను నీళ్ల గ్లాసులు పెడుతున్నాను.

"ఏందయ్యా మొయిద్దీనూ, మూడు నెలలు పడుకొని తిని గూడా ఇంత చిక్కావు," అన్నాడు పెదనాన్న. "జీనతమ్మ కూడు పెట్టటం లేదా?"

"మందుల వేడన్నా."

"రేపు మాచర్ల లారీ ఒకటి వస్తంది. ఇంజన్ దించాలి. ఆ బోల్టులు నువ్వు విప్పితేనే గాని కదలవు. నేను ముట్టుకుంటే విరుగుతాయి."

"నీ చేతి బలం అట్టాంటిది."

ఇద్దరూ నవ్వారు. నాన్న నవ్వు మధ్యలో ఆగింది. గ్లాసెత్తి నీళ్లు తాగాడు. నీళ్ల జగ్గు నిండుగానే ఉన్నా నింపడానికి వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పెదనాన్న సాయిశ్రీని రెండు చేతులతో ఎత్తి నాన్న వైపు చాస్తున్నాడు.

"ఇన్నాళ్లు ఈ పిల్లని నీ కాడికి రానియ్యలా. అట్టా ఆపినందుకు నాకూ బాధగానే ఉండె. ఇదిగో, ఇయ్యాల నీ ఒళ్లోనే తింటది."

నాన్న చేతులు వెంటనే లేవలేదు. అందరూ నవ్వుతూ చూస్తున్నారు. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. తీసుకున్నాడు. పిల్ల ఒళ్లో సర్దుకుని కూర్చుని ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టింది.

నాన్నకు దగ్గు ఎలా వస్తుందో ఆ ఇంట్లో నాకే బాగా తెలుసు. ముందు మెడ మీద నరం లేస్తుంది. భుజాలు పైకి వస్తాయి. తర్వాత కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నరం లేచింది. ఆయన పెదాలు బిగించి, మొహం కిటికీ వైపు తిప్పి, ముక్కుతో కొద్దికొద్దిగా గాలి వదులుతున్నాడు. సాయిశ్రీ నాలుగు మెతుకులు ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"తాతా, ఆఁ అను."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తాతా, ఆఁ."

"పెట్టించుకోవయ్యా," అంది కోటేశ్వరమ్మ పెద్దమ్మ. "మాకెవరికీ పెట్టదది."

భుజాలు పైకి వచ్చాయి.

"ఆ కప్పులో ఉమ్మింది నేను," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. బళ్లో హాజరు చెప్పిన గొంతే అది. జెబా అత్త ఒక్కతే తల తిప్పింది. "ఏందే?"

"రెండో నెల కప్పు. నాన్నది కాదు. అందులో ఉన్నది నాది. నాన్నకి ఇంకా తగ్గలేదు. పిల్లని తియ్యండి."

ఇంత పొడవుగా అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. చివరి మాట వినబడేలోపే నాన్న పిల్లను పక్కకు నెట్టి, గోడ వైపు తిరిగి, కొత్త చొక్కా అంచు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. మోటారు చప్పుడు లేకుండా ఆ దగ్గును ఇంట్లో వాళ్లు వినడం నెల తర్వాత అదే మొదటిసారి. అది చాలాసేపు ఆగలేదు. సాయిశ్రీ అన్నం మీద పడి ఏడుపు మొదలుపెట్టింది. పెద్దమ్మ పిల్లను ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

దగ్గు ఆగాక పెదనాన్న పళ్లెంలోనే చెయ్యి కడిగేశాడు.

"నేను కాయితం అడిగింది నీ మీద అనుమానంతో కాదు," అన్నాడు. "ఆ పిల్ల కోసం. నువ్వు ఆ పిల్లకే టోపీ పెట్టావు."

"మందులు ఒక్క రోజు గూడా మానలేదన్నా. సైమాని అడుగు."

"ఇంకా ఆ పిల్లనే అడగాలా?"

నేను చెప్పాను. "మానలేదు పెదనాన్నా. రోజూ నేనే ఇచ్చాను."

"నోట్లో నాలుక లేని పిల్లనుకున్నా," అంది దాదీ. "కన్నతండ్రిని నలుగుర్లో నిలబెట్టింది. లోపలికి పో. నా కళ్ల ముందు ఉండమాక."

"దాన్ని అనకమ్మా," అంది జెబా అత్త. లేచి కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచింది. "మానకుండా మింగినా తగ్గలేదంటే డాక్టరుకి ముందు చెప్పాల్సిన మాట అదే. మందు పనిచేస్తుంటే కొన్ని వారాల్లోనే అంటించటం బాగా తగ్గుద్ది. పనిచేస్తందో లేదో మనకి తెలవదు. తెలుసుకునే దారి ఆ కప్పు ఒక్కటే ఉండె." నాన్న వైపు చూడకుండా నన్ను అడిగింది. "కప్పు ఇచ్చింది ఏ రోజు?"

డైరీ తెచ్చాను. మార్చి పద్దెనిమిది పేజీ తీశాను. ఇంట్లో ఉన్నవాళ్లు: దాదీ, నాన్న, అమ్మ, నేను. దాని కింద ఒకటే వాక్యం ఉంది. ఈ రోజు కప్పు నింపాను. అత్త అది చదివింది. అమ్మ కూడా వంగి చదివింది. అమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంది, అందుకని కాసేపు పట్టింది.

"నాకు గూడా చెప్పలేదేందే," అంది అమ్మ. కోపంగా అనలేదు.

"అయితే ఆ రిపోర్టు నీది," అంది అత్త నాతో. "ఆ కళ్లెలో పురుగు లేదంట. అంతే, అంతకు మించి ఏమీ తేలలేదు. నువ్వూ, మీ అమ్మా, అందరూ మళ్లీ చేయించుకోవాలి." వాకిట్లో ఉన్న పెద్దమ్మ వైపు తిరిగింది. "అక్కా, భయపడమాక. పిల్లని గూడా ఒకసారి చూపించండి. చిన్నపిల్లలకి ముందుజాగ్రత్త మందులు ఉంటాయి."

పెద్దమ్మ పిల్ల చేతులు కడుగుతూనే ఉంది. తల ఎత్తలేదు.

అత్త ఫిలోమినా ఆంటీకి ఫోన్ చేసింది. ఆమె అవతల నుంచి ఏదో చాలాసేపు మాట్లాడింది. అత్త "అవును," "అవును," "ఆ పిల్లది తప్పు కాదు," అంటూ వచ్చింది. ఫోన్ పెట్టేసి, నరసరావుపేట ఆసుపత్రికి ఇప్పుడే వెళితే సాయంత్రంలోపు శాంపిలు ఇవ్వచ్చని, బస్సు రెండింటికి ఉందని చెప్పింది.

"నేను రాను," అన్నాడు నాన్న. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. "రేపు చూద్దాం."

పెదనాన్న అప్పటికే గుమ్మం దాటి చెప్పులు వేసుకున్నాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. నాన్న కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, ఆ చెప్పుల వైపే చూస్తున్నాడు. పెదనాన్న పెద్దమ్మకు ఆటో డబ్బులిచ్చి పిల్లను తీసుకుని ఇంటికి వెళ్లమన్నాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి కారు తాళాలు చేత్తో ఊపాడు.

"లెయ్."

"అన్నా, నువ్వెందుకు."

"నీ మొహం చూడాలని లేదు నాకు. నువ్వు బస్సెక్కితే నలభై మంది మధ్యన కూర్చొని దగ్గుతావు. లెయ్, ఎక్కు."

నాన్న లేచాడు. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అమ్మ నీళ్ల సీసా, ఉతికిన చేతిరుమాలు రెండు ఇచ్చింది. జెబా అత్త ముందు సీట్లో కూర్చుంది, ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకుని. పెదనాన్న నాలుగు అద్దాలూ దించాడు. నాన్న వెనక సీట్లో ఒక్కడే, దూరంగా అవతలి చివర కూర్చున్నాడు. అంతవరకు గడప దగ్గరే నిలబడి ఉన్నదాన్ని అప్పుడు గుర్తొచ్చి లోపలికి పరుగెత్తాను. మందుల కార్డు, మొదటి ఎక్స్‌రే, పాత రిపోర్టులు ఉన్న సంచీ బీరువా పైన ఉంది. స్టూలు వేసుకుని దించాను. వస్తుంటే దాదీ ఏదో అంది, వినలేదు.

కారు స్టార్టయి ఉంది. వెనక తలుపు ఇంకా తెరిచే ఉంది. సంచీ అందించాను. నాన్న తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. డాక్టరు అడిగితే ఏ రోజు ఏ మాత్ర ఇచ్చానో చెప్పాల్సింది నేను. ఆ సంగతి కారులో ఎవరికీ తోచినట్టు లేదు.

"నాన్నా, నేను వస్తాను."

ఆయన నా మొహం చూడలేదు. నా కాళ్ల వైపు చూశాడు. చెప్పులు లేవు. నేను ఒక కాలు లోపల పెట్టబోయాను. నా చేతికి తగలకుండా జాగ్రత్తగా చెయ్యి చాచి, ఆయన తలుపు వేసేశాడు.